తల్లికోడిని, పిల్లలను గూటికి అలవరచుట
(పంచాయతీ సభ్యులకు పాఠము)

మంత్రాలయము, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పల్లెలలో కోళ్ళు తిరుగని వీధి కానరాదు. సెంటు నేల లేని కుటుంబమునకు సైతము రెండు పెట్టలు, ఒక పుంజు ఉండును. సంతనాడు ఉప్పు, చింతపండు కొనుటకు, బిడ్డకు జబ్బు చేసినపుడు మందు తెచ్చుటకు, చుట్టము వచ్చిన దినమున కూర వండుటకు ఆ కోళ్ళే ఆధారము. ఈ రాబడి సాధారణముగా ఇల్లాలి చేతిలోనే ఉండును. కావున కోళ్ళకు నష్టము కలిగినచో మొదట నష్టపడునది ఇల్లాలే.

అయినను పొదిగిన పిల్లలన్నియు పెరిగి పెద్దవగుట మన పల్లెలలో అరుదు. పెట్ట క్రింద పన్నెండు గ్రుడ్లు పెట్టుదుము. పది పిల్లలు లేచును. నెల తిరుగునప్పటికి వానిలో సగమైనను మిగులునన్న నమ్మకము లేదు. పగటివేళ గద్ద తన్నుకొనిపోవుట అందరును చూచుచునే యున్నారు. కేకలు వేసి తరుముచున్నారు. రాత్రివేళ పోవు పిల్లలను చూచువారు లేరు. తెల్లవారి లెక్క తగ్గినదని తెలిసిన పిమ్మట పిల్లిని తిట్టుట, చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట వంటిది.

దీనికి ఉపాయము చిన్నది. తల్లికోడిని, దాని పిల్లలను ప్రతిరాత్రి గూటిలోనే పండుకొనునట్లు అలవరచవలెను. దీనికి సుమారు ఒక వారము ఓపిక కావలెను. ఇందువలన రెండు లాభములు గలవు. రాత్రి తిరుగు జంతువుల నుండి పిల్లలకు రక్షణ కలుగును. కోళ్ళన్నియు ఒక్కచోట దొరకును గనుక టీకాలు వేయుటకు వీలగును. ఆలోచించి చూచినచో రెండవ లాభము మొదటిదానికంటె పెద్దది.

1. తల్లికోడి నేలమీద ఏల పండుకొనును?

ఒంటరి పెట్టకు రాత్రివేళ ఎత్తైన చోటు ఇష్టము. వేపకొమ్మ మీదనో, పశువుల కొట్టము దూలము మీదనో, మిద్దె పిట్టగోడ మీదనో అది కూర్చుండును. పిల్లలు గల తల్లి ఆ పని చేయజాలదు. నూగుతో పుట్టిన పిల్లలకు ఈకలు వచ్చువరకు, అనగా మొదటి మూడు నాలుగు వారములు, తమ శరీరపు వేడిని తాము నిలుపుకొను శక్తి చాలదు. తల్లి రెక్కల క్రింది వెచ్చదనమే వానికి ప్రాణము. అందుచేత ప్రొద్దు గ్రుంకు సమయమునకు తల్లి ఒక మూల వెదకి, మెల్లగా పిలుచుచు పిల్లలను రెక్కల క్రిందికి చేర్చుకొని నేలమీదనే కూర్చుండును. కట్టెల మోపు ప్రక్కన, గడ్డివామి క్రింద, గోడ మూలలో అది కూర్చున్న చోటు పిల్లికిని, ముంగిసకును, నక్కకును, పందికొక్కునకును, పామునకును అందుబాటులోనే ఉండును.

ఇక్కడ కోడి స్వభావములు రెండు గుర్తుంచుకొనవలెను. కోడికి చీకటిలో చూపు చాల తక్కువ. పగలు గద్దను ఎదిరించు తల్లి రాత్రి పిల్లిని ఎదిరింపజాలదు. అయితే ఆ గుణమే మనకును ఉపకరించును. చీకటి పడిన తరువాత కోడి కదలక కూర్చుండును గనుక సులభముగా చేతికి చిక్కును. కోడి రాత్రి గడపిన చోటునే తన ఇల్లుగా భావించుననునది రెండవ విషయము. కొన్ని రాత్రులు వరుసగా ఒకేచోట పండుకొన్నచో మరునాటి సాయంకాలము దానంతట అదే అక్కడికి వచ్చును. అలవరచు విధానమంతయు ఈ రెండు గుణముల మీదనే ఆధారపడి యున్నది.

2. గూడు ఎట్లుండవలెను?

గూడు ఖరీదైనది కానక్కరలేదు. బండలు, మట్టి, పాత పలకలు, వెదురు బద్దలు, ఇంటిలో నున్న ఏ వస్తువుతోనైనను కట్టవచ్చును. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు గల గూడు ఎనిమిది పెద్ద కోళ్ళు రాత్రి పండుకొనుటకు చాలును. అందులో రెండడుగుల భాగమును తడికతో వేరుచేసి తల్లికి, పిల్లలకు కేటాయింపవలెను. ఇతర కోళ్ళు పిల్లలను పొడుచును. పొడుచు చోటికి తల్లి పిల్లలను తీసికొని రాదు.

పిల్లల భాగమునకు వేరుగా తలుపుండవలెను. గడప ఎత్తుగా నుండరాదు. పెద్దకోడి సులభముగా దాటు నాలుగు అంగుళముల గడప మూడు దినముల పిల్లకు కోటగోడ వంటిది. గూడు కాళ్ళ మీద నిలిపినదైనచో, ఏటవాలుగా వెడల్పైన పలక వేసి, దానిపై అడ్డముగా సన్నని బద్దలు కొట్టవలెను. బద్దల అడుగు గల గూటిలో పిల్లల కాళ్ళు సందులలో చిక్కుకొనును. అడుగున గోనెపట్టా పరచి, దానిపై రెండు అంగుళముల మందమున వరిపొట్టుగాని వేరుసెనగ పొట్టుగాని పోయవలెను. పొట్టు పొడిగా నుండవలెను. బూజు పట్టిన పొట్టు పిల్లల ఊపిరితిత్తులకు చేటు.

వేసవిలో ఈ ప్రాంతపు ఎండ 40 డిగ్రీలు దాటును. గాలి ఆడని గూడు పొయ్యి వంటిది. కావున రెండు ప్రక్కల గాలి సందులుంచి, వానికి అర అంగుళమునకు మించని కన్నులు గల తీగవల బిగింపవలెను. పెద్ద కన్నుల వలలో పాము దూరును, పిల్లి పంజా దూర్చును. నేలమీద కట్టిన గూటికి అడుగున బండ పరచినచో ముంగిస, పందికొక్కు త్రవ్వజాలవు. తలుపునకు గడియ తప్పక యుండవలెను. రాయి ఆనించిన తలుపును కుక్క త్రోసివేయును.

3. అలవరచు విధము

పెట్టను గూటిలోనే పొదుగుటకు కూర్చుండబెట్టుట అన్నిటికంటె మేలు. 21వ దినమున పిల్లలు లేచిన చోటే వాని ఇల్లగును. ఇంటిలో గంపలో పొదిగించినచో, పిల్లలన్నియు లేచి నూగు ఆరిన తరువాత, రాత్రివేళ గంపతో సహా గూటిలోనికి మార్చవలెను.

మొదటి అయిదు దినములు: తల్లిని, పిల్లలను బయటికి విడువక గూటిలోనే ఉంచవలెను. మేత, నీరు అక్కడనే పెట్టవలెను. సన్నగా విసరిన జొన్న నూక, కొఱ్ఱ నూక పిల్లలకు తగిన మేత. చెదపురుగులు దొరికినచో అవి మంచి బలము నిచ్చును. నీరు లోతులేని మూకుడులో పోసి నాలుగు గులకరాళ్ళు వేసినచో పిల్లలు మునుగవు.

ఆరవ దినము: ప్రొద్దు గ్రుంకుటకు రెండు గంటలు ముందుగా తలుపు తీయవలెను. ఉదయమున విడిచినచో తల్లి దూరము పోయి క్రొత్త మూల వెదకుకొనును. రెండు గంటలలో దూరము పోజాలదు. ఆ పూట మేత కొంచెము తగ్గించి, సందె వేళకు ప్రతిదినము ఒకే పిలుపుతో పిలిచి, గూటి లోపల నూకలు చల్లవలెను. తల్లి లోపలికి పోయి పిల్లలను పిలుచును. చివరి పిల్ల చేరినది చూచి, లెక్కించి, తలుపు మూయవలెను.

తరువాతి దినములలో విడుచు సమయమును క్రమముగా ముందునకు జరుపవలెను. వారము పది దినములలో పెక్కు కోళ్ళు పిలువకయే వచ్చుటకు అలవాటుపడును. కొన్నిటికి రెండు వారములు పట్టును.

ఇదివరకే బయట పండుకొనుటకు అలవాటుపడిన తల్లిని ఏమి చేయవలెను? పగలు తరిమి పట్టుకొన యత్నింపరాదు. తల్లి బెదరి గూటినే శత్రువుగా భావించును. పిల్లలు చెదరి కాళ్ళక్రింద పడును. సందె వేళ అది కూర్చున్న చోటనే, పిల్లలన్నియు రెక్కల క్రిందికి చేరిన పిమ్మట, పెద్ద గంప మెల్లగా బోర్లింపవలెను. చీకటి బాగుగా పడిన తరువాత ఇద్దరు కలిసి పని చేయవలెను. ఒకరు తల్లిని రెండు రెక్కలును అదిమి పట్టుకొనవలెను. మరొకరు పిల్లలను చిన్న బుట్టలోనికి ఎత్తవలెను. మొదట తల్లిని గూటిలో కూర్చుండబెట్టి, పిదప పిల్లలను ఒక్కొక్కటిగా దాని రెక్కల క్రిందికి చేర్చవలెను. అటుపై అయిదు దినములు మూసి యుంచి, పైన చెప్పిన క్రమమునే అనుసరింపవలెను. మరునాడే పాత మూలను ముండ్లకంపతోనో బండతోనో మూసివేయుట మరువరాదు. పాత చోటు తెరచి యున్నంతవరకు కోడి మనస్సు అక్కడికే లాగును.

4. గూటిలోనికి రాని కోడి

ఇంత చేసినను కొన్ని కోళ్ళు గూటి ముంగిట నిలిచి వెనుకకు తిరుగును. అది మొండితనమని కొట్టరాదు. కారణము సాధారణముగా గూటిలోనే ఉండును.

లోపల చీకటిగా నుండుట ఒక కారణము. బయట సందెవెలుగు ఉండగనే గూటిలో చీకటి కమ్మును. కన్ను కానని చోటికి కోడి పోదు. చిన్న టార్చి దీపమును పావుగంట లోపల ఉంచి, కోళ్ళు చేరిన తరువాత ఆర్పివేసిన చాలును.

రెండవ కారణము దుర్గంధము. రెట్ట కుళ్ళి ఘాటు పుట్టిన గూటిలో మన ముక్కే నిలువదు. వారమునకు ఒకసారి పొట్టు మార్చవలెను. తీసిన పొట్టు చేనికి మంచి ఎరువు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, గోమారు. పొడినేలల గ్రామములలో ఈ బాధ హెచ్చు. గోమారులు పగలు గోడ నెఱ్ఱెలలో, పలకల సందులలో దాగి, రాత్రి బయటికి వచ్చి కోడి రక్తము త్రాగును. కోళ్ళకు జ్వరము తెచ్చు సూక్ష్మజీవులను సైతము అవి మోయును. పగలు చూచినవానికి గూడు శుభ్రముగానే కనిపించును. రాత్రి దీపము పట్టి సందులను పరీక్షించినచో అసలు సంగతి తెలియును. కోళ్ళను బయటికి తీసి, నెఱ్ఱెలను మట్టితో పూడ్చి, గోడలకు సున్నము కొట్టవలెను. బండలతో కట్టిన గూటిలో ఎండుగడ్డి మంటను సందుల వెంట త్రిప్పవచ్చును. పశువులకు వాడు మందులను పశువైద్యుని సలహా లేక కోళ్ళపై వాడరాదు.

5. తల్లి పిల్లలను విడుచు దినములు

రెండు నెలలు సమీపించుసరికి తల్లి పిల్లలను పొడిచి దూరము చేయును. మరల గ్రుడ్లు పెట్టుటకు సిద్ధపడును. ఆ దినములలో దానికి మరల చెట్టుకొమ్మ మీద మనస్సు పోవును. గూడు ఎరుగని పిల్లలు చెట్టు క్రింద నేలమీద గుంపుగా నిలిచిపోవును. పొదుగు నుండి పెంపు వరకు ఇంతటి అపాయకరమైన వారము మరియొకటి లేదు. రెండు నెలలు మేపిన పిల్లలు ఒక్క రాత్రిలో పోవుచున్నవి.

మొదటి నుండి గూటికి అలవాటుపడిన పిల్లలు తల్లి విడిచినను గూటికే వచ్చును. ఈ సమయమునకు గూటిలో రెండు అంగుళముల మందము గల కఱ్ఱను, అంచులు నునుపు చేసి, అడుగు ఎత్తున అడ్డముగా బిగింపవలెను. ఎత్తున కూర్చుండవలెనను కోరిక గూటిలోనే తీరినచో తల్లియు చెట్టు వైపు చూడదు. అంతకు ముందు కఱ్ఱ పెట్టినచో తల్లి పైకెక్కి పిల్లలను క్రింద చలికి విడుచును.

హైదరాబాదు రాజేంద్రనగరులో 1988లో స్థాపింపబడిన కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకము కొరకు వనరాజా, గ్రామప్రియ అను రకములను రూపొందించినది. ఈ పిల్లలు యంత్రములో పొదుగబడి తల్లి లేకుండ వచ్చును. వానికి గూడు చూపు తల్లి లేదు గనుక మొదటి వారములు దీపపు వేడితో గూటిలోనే పెంచవలెను. లేదా అప్పుడే పిల్లలు లేచిన నాటుపెట్ట రెక్కల క్రింద, రాత్రివేళ, ఒకటి రెండు దినముల పిల్లలను కొన్నిటిని చేర్చవచ్చును. చీకటిలో చేర్చిన పిల్లలను పెట్ట సాధారణముగా తన పిల్లలవలెనే చూచుకొనును.

6. గూడు లేక టీకా లేదు

కొక్కెర తెగులు పేరు వినని పల్లె లేదు. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్ వద్దను, 1927లో మన దేశమున కుమావూ కొండలలోని రాణీఖేత్ వద్దను ఇది గుర్తింపబడినది. అందుచేత దీనిని రాణీఖేత్ వ్యాధి అనియు అందురు. కోడి నోరు తెరచి రొప్పును, ఆకుపచ్చగా పారును, మెడ మెలిదిరుగును, కాళ్ళు రెక్కలు పడిపోవును. వచ్చిన తరువాత మందు లేదు. వీధిలో ఒక ఇంట ప్రవేశించినచో వీధి అంతయు ఖాళీయగును.

టీకా మాత్రము కలదు. పుట్టిన 5 నుండి 7 దినములలో లసోటా టీకా చుక్క కంటిలోగాని ముక్కులోగాని వేయవలెను. నాలుగవ వారమున మరల వేయవలెను. ఎనిమిదవ వారమున ఆర్2బి టీకాను సూదితో ఇచ్చెదరు. మశూచి టీకా కూడ ఆ సమయముననే పశువైద్యుని సలహాపై వేయింపవచ్చును.

మంచి టీకా యుండియు మన కోళ్ళు ఏల చచ్చుచున్నవి? టీకా సీసా ఒక్క ఇంటికి సరిపడునది కాదు. అందులో సాధారణముగా అనేక కోళ్ళకు సరిపడు మందుండును. కలిపిన తరువాత మంచులో ఉంచి సుమారు రెండు గంటలలో వాడవలెను. నాలుగు కోళ్ళు గల ఇల్లాలు ఒక్కతె దానిని తెప్పించుకొనజాలదు. వీధి అంతయు కలియవలెను. టీకా వేయువాడు ఉదయముననే వచ్చినను, కోళ్ళు చెట్ల మీదను, దిబ్బల మీదను ఉన్నచో రెండు గంటలు తరుముటతోనే గడచును, మందు వ్యర్థమగును. కోళ్ళన్నియు గూళ్ళలో ఉన్న వీధిలో ఒక్కొక్క తలుపు తీసి, ఒక్కొక్క కోడిని పట్టి, ఎండ ఎక్కకముందే పని ముగింపవచ్చును. ఏడవ దినమునకు పిల్లలు గూటిలో ఉన్నచో మొదటి చుక్క తప్పిపోదు. కావుననే గూడు లేనిచోట టీకా లేదని చెప్పుట.

7. వలస దినములలో

చలికాలము పిల్లలను పొదిగించుటకు అనుకూలము. అయితే మిరపకోతల కొరకు మన పల్లెల నుండి కుటుంబములు గుంటూరు వైపు పోవునదియు ఆ కాలము, దాని వెంటనంటి వచ్చు నెలలే. దీనిని ఇక్కడివారు సుగ్గికి పోవుట అందురు. యువకులు పోయిన ఇంటిలో అవ్వయో తాతయో మిగులుదురు. కోళ్ళ భారమును వారిదే. సందె చీకటిలో కోడి వెంట పరుగెత్తు కాళ్ళు వారికి లేవు. కట్టెల మోపు వెనుక చూచు కన్నులును లేవు. అందుచేత అనేకులు పోవుటకు ముందు కోళ్ళను అయినకాడికి అమ్మివేయుచున్నారు. తిరిగి వచ్చునప్పటికి ఇంటిలో పెట్ట యుండదు.

గూటికి అలవాటుపడిన కోళ్ళు గల ఇంటిలో అవ్వ చేయవలసిన పని ఒక్కటే: సందె వేళ లెక్క చూచి గడియ వేయుట. బయలుదేరుటకు మూడు వారములు ముందుగానే ఇంటివారు ఈ అలవాటు చేసి పోయినచో, తిరిగి వచ్చునప్పటికి పిల్లలు పెట్టలై యుండును.

8. పంచాయతీ చేయదగిన పని

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన 11వ షెడ్యూలులో పశుసంవర్ధనము, పాడి, కోళ్ళ పెంపకము నాలుగవ అంశముగా పంచాయతీల పరిధికి చెందినవి. కావున ఇది ఆడవారి పని యని సభ్యులు త్రోసిపుచ్చరాదు.

మొదట, గ్రామములో అందరు చూచుచోట ఒక మాదిరి గూడు కట్టించి, దానిలో ఒక తల్లికోడిని అలవరచి చూపవలెను. నూరు ఉపన్యాసములకంటె సందె వేళ తనంతట గూటికి నడచిపోవు కోడి ఎక్కువ బోధించును. రెండవది, గ్రామ పశుసంవర్ధక సహాయకునితో మాట్లాడి టీకా దినములను ముందుగా నిర్ణయించి, ముందునాటి సాయంకాలము కోళ్ళను మూయవలెనని దండోరా వేయింపవలెను. మూడవది, చచ్చిన కోళ్ళను వీధిలోను, కాలువలోను పారవేయకుండ సున్నము చల్లి లోతుగా పాతించుటకు ఏర్పాటు చేయవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్ళకు పక్షిజ్వరము సోకిన సంగతి మనమెరిగినదే. ఒకేసారి ఎక్కువ కోళ్ళు చచ్చినచో దాచక పశువైద్యశాలకు తెలుపవలెను.

చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామములో ఎన్ని ఇండ్లలో కోళ్ళకు గడియ గల గూడు ఉన్నది?
2. గత సంవత్సరము పొదిగిన పిల్లలలో రాత్రివేళ పోయినవెన్ని? ఈ లెక్క చెప్పగల ఇల్లాండ్రు ఎందరు?
3. కడపటిసారి కొక్కెర తెగులు టీకా ఎప్పుడు వేయించితిమి? ఆనాడు పట్టుబడక మిగిలిపోయిన కోళ్ళెన్ని?
4. ఈ ఏడు సుగ్గికి పోవు ఇండ్లలో కోళ్ళను చూచువారెవరు?

ఈ ప్రశ్నలను వచ్చు సమావేశమున చదివి, సమాధానములు వ్రాసికొనుడు. ఈ సాయంకాలము ప్రొద్దు గ్రుంకు వేళ మీ వీధి వెంట ఒకమారు నడచి, తల్లికోళ్ళు ఎచ్చట కూర్చుండునో చూడుడు. పని ఎచ్చట ప్రారంభింపవలెనో ఆ మూలలే చెప్పును.